లారీ వెనక కూర్చున్న ఆమె

ఇవాళ మా ఇంటి వెనక గ్రిల్లుకు రంగు వేశారు. పొద్దున పనివాళ్లు డబ్బా మూత తెరిచినప్పటి నుంచి ఇంట్లో ఏ మూలకు పోయినా అదే వాసన, ఎనామిల్ పెయింటుదీ, అందులో కలిపిన టర్పెంటైన్‌దీ, ఆ రెండింటి అడుగున సన్నగా ఇనుప తుప్పుదీ. ఏడు నెలల పాపకు ఈ వాసన పడుతుందో లేదోనని కిటికీలు రెండూ తెరిచాను, దోమలొస్తాయని ఒకటి మూశాను, మూసినందుకు గాలాడదేమోనని మళ్లీ తెరిచాను, చివరికి పాపను ముందు గదిలోకి మార్చి పడుకోబెట్టాను. మా ఆయన ట్రాక్టర్ల కంపెనీలో రాత్రి షిఫ్టుకు పోయాడు. పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుని వచ్చి ఈ నోటుబుక్కు ముందు కూర్చున్నాను. పాప పుట్టినప్పటి నుంచి నాకు నిద్రపోవడమంటే ఇంటికి కాపలా లేకుండా చేసి పోవడంలా ఉంటోంది.

ఆ వాసన మా నాయినది. ఆయన చొక్కాలకూ, మెడకూ, ఆయన చేత్తో తుంచి మాకు పెట్టే జొన్నరొట్టె ముక్కలకూ కూడా అంటుకుని ఉండేది. ఈ రాత్రి దాని వెంట ఒక బొమ్మ గుర్తుకొచ్చింది. పెరటి గడప మీద ఒక్కతే కూర్చున్న ఆడమనిషి బొమ్మ. దాని ముఖం ఎవరూ చూడలేదు, గీసిన మా నాయిన కూడా.

మా నాయిన లారీల పెయింటర్. జహీరాబాద్ దాటి బొంబాయి వైపు పోయే రోడ్డు పక్కన అప్పట్లో లారీ బాడీలు కట్టే షెడ్లు వరసగా ఉండేవి. ఒకదాంట్లో వడ్లవాళ్లు చెక్క కోస్తుంటే, పక్కదాంట్లో వెల్డింగు మెరుపులు, ఆ చివరి రేకుల షెడ్డులో మా నాయిన. బడి లేని రోజున నేను అన్నం డబ్బా పట్టుకుని పోయేదాన్ని. ఎండాకాలంలో రేకులు కాలి, రంగు డబ్బాల్లో పాల మీది మీగడలా తెట్టు కట్టేది, దాన్ని పుల్లతో ఎత్తి పారేయడం నా పని. వానాకాలంలో రంగు ఆరదు కాబట్టి ఆయన బ్రష్షులను గాసునూనెలో కడిగి, ఒక్కొక్క వెంట్రుకా సరిచేసుకుంటూ వాన వైపు చూస్తూ కూర్చునేవాడు. చలికాలం వచ్చిందంటే రోడ్డు నిండా చెరుకు బండ్లు. మేము వెనక నుంచి గడలు లాగి, బండివాడి తిట్లు వినబడనంత దూరం ఉరికి, పెదవుల మూలలు కోసుకుపోయేదాకా నమిలేవాళ్లం. ఆ వెనకనే అల్లం తవ్వే రోజులు వచ్చేవి. తడిమట్టి, గోనెసంచులు, అల్లం కలిసిన ఘాటు ఊరంతా తిరిగేది. కళ్లు మూసుకుని బస్సు దిగినా మన ఊరొచ్చిందని ముక్కుకు తెలిసిపోయేది.

లారీ మీద జానెడు జాగా కూడా ఖాళీగా వదలడం నాయినకు ఇష్టం ఉండేది కాదు. నెమళ్లు, తామరలు, జంట చేపలు, పులి తల, ఆయన ఎన్నడూ చూడని మంచుకొండలు, ఎన్నడూ చూడని సముద్రం, వాటి చుట్టూ తీగలు, తీగల సందుల్లో చుక్కలు. "ఖాళీ ఉన్నదంటే దిష్టి గక్కడికెల్లే జొర్రుతది" అనేవాడు. బొమ్మకు కళ్లు మాత్రం చివరిదాకా పెట్టేవాడు కాదు. డ్రైవర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాకే కళ్లు. బొమ్మ కళ్లు తెరిచి మొదట చూసేది ఆ బండి నడిపే మనిషినే కావాలట. అప్పటిదాకా షెడ్డు నిండా గుడ్డి నెమళ్లు, గుడ్డి పులులు. వాటి మధ్య ఒక్కదాన్నే ఉండాల్సి వస్తే రోడ్డు వైపు తిరిగి నిలబడేదాన్ని.

అమ్మ ఆ షెడ్డుకు ఎన్నడూ రాలేదు. ఆమెది ఝరాసంగం దగ్గరి పల్లె. ఆమె మాటలన్నీ ఆ పల్లెలోనే వదిలేసి వచ్చిందని నాయనమ్మ అనేది, అంటే మా నాయిన తల్లి, మాతోనే ఉండేది. ఏడాదిలో ఒక్కరోజు, చలికాలపు ఎల్లమాస నాడు, మేమంతా ఆటోలో అమ్మ వాళ్ల చేనుకు పోయేవాళ్లం. జొన్నచేను మధ్యలో ఐదు రాళ్లు పెట్టి మొక్కి, అన్ని కూరగాయలూ పచ్చిశనగలూ కలిపి వండిన బజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టెలు, పుల్లటి అంబలి తిని చేలో పడి తిరిగేవాళ్లం. ఆ రోజు అమ్మ చెప్పుల్లేకుండా గట్ల మీద నడుస్తూ, దూరంగా ఉన్నవాళ్లను పేరు పెట్టి కేకలేసేది, ఆ గొంతు విని నాకు ఈమె ఎవరా అనిపించేది. తిరుగు ఆటో పెద్దరోడ్డు ఎక్కేసరికి మళ్లీ మాట తగ్గిపోయేది.

మిగతా రోజుల్లో ఆమె పొద్దున్నే రొట్టెలు కొట్టి, నీళ్లు మోసి, అల్లం రోజుల్లో అయితే కూలికి పోయి అల్లం పొట్టు గీకి, మండే చేతులను పెరుగు నీళ్లలో ముంచుకుని, మధ్యాహ్నం దాటాక పెరటి గడప మీద కూర్చునేది. ఒక కాలు మడిచి, ఒక మోకాలు పైకి లేపి, ఆ లేపిన కాలి బొటనవేలిని చేత్తో పట్టుకుని, పసిపిల్లలు పట్టుకున్నట్టు. ఎదురుగా ఏమీ లేదు, పక్కింటి గోడ తప్ప. నేను ఆమె వీపు వెనక చింతగింజలతో ఓనగుంటలు ఆడుకుంటూ ఉండేదాన్ని. ముందు గదిలో మంచం మీది నుంచి నాయనమ్మ గొంతు వచ్చేది.

"మాణెమ్మా, కాలేలు పట్టుకొని కూసోకే. ఇంటికి అచ్చిరాదు."

అమ్మ వేలు వదిలేసేది. మళ్లీ రేపు అదే గడప, అదే వేలు. గల్లీలో అందరికీ తెలుసు. ఎదురింటి అనసూయక్క నీళ్లకు వచ్చినప్పుడల్లా నన్ను ఆపి, "మీ అమ్మ గా ఏలు వదిలితే ఉరుకుతదా ఏందే?" అని నవ్వేది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, వానలు ముగిసే రోజుల్లో, కాశీనాథ్ అనే డ్రైవర్ షెడ్డు ముందు లారీ ఆపాడు. బీదర్ వైపు మనిషి. బొంబాయి నుంచి వచ్చినప్పుడల్లా నాకు పల్లీపట్టీలు తెచ్చి, జేబులో లేవన్నట్టు రెండు జేబులూ బయటికి లాగి చూపించి, టోపీలోంచి తీసి ఇచ్చేవాడు. ఆ రోజు టోపీ కూడా లేదు. గుండు చేయించుకున్నాడు.

"ఏమాయెనే కాశన్నా?" అన్నాడు నాయిన, నిచ్చెన దిగుతూ.

భార్యకు జ్వరం వచ్చిందట. ఈయన పుణె దాటి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి మూడో రోజు, అంతా అయిపోయింది. ఆమె బొమ్మ లారీ వెనక తలుపు మీద గీయమని అడిగాడు. ఒక ఫోటో తీసి ఇచ్చాడు. ఎవరిదో పెళ్లి, పదిమంది ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆమె మాత్రం సరిగ్గా ఆ క్షణంలోనే కింద పడ్డ పిల్లను ఎత్తుకోవడానికి అటు తిరిగి వంగింది. జడకొప్పు, చెవి, కొంచెం చెంప, అంతే.

"మొకమే లేదు గదనే. ఇంకోటి లేదా?"

"నేను ఇంటికాడ ఉంటే గద నర్సింలన్నా, ఇద్దరం ఫోటో దిగేది."

"మొకం లేకుంట ఎట్ల గియ్యాలె?"

"ఎట్లనన్న గియ్యి. నేను వచ్చేసరికి గడప మీద కూసుంటుండె. గట్ల గియ్యి."

నాయిన మామూలుగా ఒక తలుపును మూడు రోజుల్లో ముగించేవాడు. దీనికి పదకొండు రోజులు పట్టింది. నేను అన్నం తీసుకుపోయినప్పుడల్లా చూసేదాన్ని, ఈ తలుపు మీద నెమలి రాలేదు, తామర రాలేదు, తీగలు రాలేదు. తలుపు మొత్తానికి వేసిన ఎర్రమట్టి రంగు పూత అలాగే ఉండిపోయింది. కింద ఒక మూలకు రాతి గడప, దాని మీద అటు తిరిగి కూర్చున్న ఆడమనిషి. చీరకు తడి అల్లం ఆకు రంగు, దాన్ని నాయిన డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ కలిపి తయారుచేశాడు, అంచు కూడా పెట్టలేదు. తల పైన ఆర్పిన లాంతరు. గడప పక్కన ఒక చిన్న చెప్పుల జత.

"ఒక్క జతే ఎందుకు నాయినా?" అని అడిగాను.

"ఆయన లేడు గద. పెద్ద జత ఏడికెల్లి వస్తది?" అన్నాడు. ఆ చెప్పుల పక్కన ఇంకో జత పట్టేంత జాగా మాత్రం వదిలాడు.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా లెక్చరర్ ఒకావిడ బొమ్మల గురించి చెబుతూ, గీసినదాన్ని ఎంతగా చూస్తామో గీయకుండా వదిలినదాన్ని కూడా అంతే చూడాలని అన్నది. క్లాసులో అందరూ రాసుకుంటున్నారు. నాకు మాత్రం ఖాళీ అంటే భయపడే మా నాయిన ఆ తలుపులో ముప్పావు భాగం ఖాళీగా వదిలేయడం కళ్ల ముందు కనబడింది. దిష్టి జొరబడేంత ఖాళీ. ఆ బొమ్మలోని ఒంటరితనమంతా ఆయన అక్కడే పెట్టాడు.

పదకొండో రోజు కాశీనాథ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈ బొమ్మకు కళ్లు లేవు. కళ్లకు బదులు నాయిన ఆమె చేతిని గీయకుండా వదిలిపెట్టి ఉంచాడు. సన్న బ్రష్షు తీసుకుని, మోచేతి నుంచి కిందికి గీసుకుంటూ పోయి, వేళ్లు గీసి, ఆ వేళ్లతో ఆమె కాలి బొటనవేలిని పట్టించాడు.

"నాయినా, గిది అమ్మ!" అన్నాను, గట్టిగా.

"నోరు మూసుకో" అన్నాడు ఆయన. అంతకు ముందెప్పుడూ నన్ను అలా అనలేదు.

కాశీనాథ్ మా ఇద్దరి మాటా వినలేదు. తువాలు నోట్లో కుక్కుకుని చూస్తున్నాడు. తువాలు తీసి, "అటు తిరిగే కూసున్నది. నా మీద కోపమొచ్చిందేమో" అన్నాడు. మళ్లీ, ఆ ఎర్రటి ఖాళీని చూసి, "గిది పొద్దు పొడిచేదా, గూకేదా?" అని అడిగాడు.

"నువ్వు ఇంటికొచ్చేటప్పుడు ఏదైతే గదే" అన్నాడు నాయిన.

నేను నోరు మూసుకోలేదు. ఖాళీ డబ్బా గలగలలాడించుకుంటూ ఇంటిదాకా ఉరికి, అష్టాచెమ్మ ఆడుతున్న పిల్లలకు, బోరింగు దగ్గర బిందెలు నింపుతున్న అనసూయక్కకు, మా అమ్మ బొమ్మ లారీ మీద బొంబాయికి పోతుందని చెప్పాను. ఎంత గర్వమో! గల్లీలో ఏ పిల్ల తల్లికీ అంత యోగం లేదు. పొద్దుగూకేసరికి అందరికీ తెలిసిపోయింది. "మాణెమ్మా, బొంబాయికెల్లి మాకేం తెస్తవే?" అని ఒకరు, "కాలేలు పట్టుకొనే పోతున్నవంట గదా" అని ఒకరు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి ఊరుకుంది. నాయనమ్మ నాయినను అడిగింది. "పిల్ల ఏదో అంటది. గది కాశన్న పెండ్లాము" అన్నాడు ఆయన.

పెద్దలను తలుచుకునే పెత్రమాస వచ్చింది. మా వైపు ఆ రోజే మొదటి బతుకమ్మ కూడా. పొద్దున్నే అనసూయక్క వెంట పిల్లలమంతా గునుగు, తంగేడు పూల కోసం రోడ్డు పక్క చేలల్లోకి పోయి, ఒడినిండా తెంపుకుని, మలీద ముద్దలు ఎవరింట్లో ఎన్ని చేస్తారో గొప్పలు చెప్పుకుంటూ లారీల అడ్డా మీదుగా వస్తున్నాం. కాశీనాథ్ లారీ అక్కడే ఉంది. ఆయన తలారా స్నానం చేసి, తడిబట్టతో, బొమ్మ మెడ ఎక్కడుందో సరిగ్గా అక్కడికి వచ్చేలా బంతిపూల దండ వేసి, కింద విస్తరిలో అన్నం, గారెలు పెట్టి, ఊదుకడ్డీలు వెలిగించి, రెండు చేతులూ నేలకానించి మొక్కుతున్నాడు.

అనసూయక్క కాళ్లకు ఎవరో అడ్డం పడ్డట్టు ఆగిపోయింది. "అయ్యో... బతికున్నదానికి దండేసిండే!"

"ఏస్తే ఏమైతదక్కా?" అన్నాను.

"బొమ్మకు దండ ఎవలకేస్తరే పోరీ? పోయినోళ్లకేస్తరు."

నా ఒడిలోంచి పూలు జారిపోయాయి. ఎవరూ ఏరలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవ. నాయిన ఎంత చెప్పినా నాయనమ్మ వినలేదు.

"గది నా కోడలు కాదంటవా?"

"కాదే అమ్మా. కాశన్న పెండ్లాము."

"మరి గా కాలేలు ఎవ్వలదిరా?"

లారీ అప్పటికే దండతో సహా బొంబాయి దారి పట్టింది.

అమ్మ చచ్చిపోతుందని నాకు ఖాయమైపోయింది. దానికి కారణం దండ వేసిన కాశీనాథూ కాదు, బొమ్మ గీసిన నాయినా కాదు, నోరు మూసుకోని నేను. నేను చెప్పకపోతే ఆ వేలు ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు, దండ చక్కగా ఆ చనిపోయినావిడకే చేరేది. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. కడుపునొప్పని బడి ఎగ్గొట్టి, అమ్మ బోరింగుకు పోతే బోరింగుకు, కట్టెలకు పోతే కట్టెలకు వెంట తిరిగాను. పడుకునేటప్పుడు నా గౌను నాడాను ఆమె కొంగుకు ముడేసుకున్నాను. ఆమె పగలు కాసేపు నడుం వాల్చినా ముక్కు కింద వేలు పెట్టి చూశాను. సాయంత్రాలు గల్లీలో బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, అమ్మ పక్కన నిలబడ్డవాళ్లు ఒకరికొకరు సైగలు చేసుకోవడం నాకు కనబడేది. నాలుగో రోజు వానలో తడిసి ఆమెకు దగ్గు పట్టుకుంది. దానితో నాయనమ్మ కూడా భయపడింది. ఎప్పుడూ తప్పులు పట్టే ఆ ముసలిది తన మంచం ఖాళీ చేసి అమ్మను దాని మీద పడుకోబెట్టి, మరునాడు దవాఖానకు తోలుకపోయింది.

"దగ్గే గదత్తా, ఫికర్ జెయ్యకు" అన్నది అమ్మ.

"నాకంటె ముందు పోదామని సూస్తున్నవా? పోనియ్య" అన్నది నాయనమ్మ. కళ్లలో నీళ్లున్నాయి.

చివరిదైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు నాయిన అన్నానికి ఇంటికే వచ్చాడు. "లారొచ్చింది. చెరిపేస్త" అన్నాడు. నాయనమ్మ, "ముందు గా పని జెయ్యి, బువ్వ తర్వాత" అని చేతిలోని గిన్నె లాక్కుంది. అప్పుడు అమ్మ పిండి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "నేను గూడ వస్త" అన్నది.

పెళ్లయినప్పటి నుంచి ఆ షెడ్డు ఎట్లుంటుందో చూడని మనిషి. ముందు నాయిన, వెనక అమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను. అమ్మ గుడ్డి నెమళ్లను చూసి ఒక్కసారి ఆగింది. లారీ వెనక్కు పోయి నిలబడింది. రోడ్డు దుమ్ముకు బంతిపూలు నల్లబడి, ఎండి, సగం రాలిపోయి, దారం మాత్రం ఇంకా ఆ మెడ మీదుగా వేలాడుతోంది. కాశీనాథ్ తప్పు చేసినవాడిలా దూరంగా నిలబడ్డాడు.

"నాకు తెల్వదు వదినె. నా పెండ్లానికని ఏసిన."

"ఆమె పేరేందన్నా?"

"కమల."

అమ్మ మునివేళ్ల మీద లేచి, ఆ దండను తన చేతులతోనే విప్పింది, విప్పి కాశీనాథ్ దోసిట్లో పెట్టి, నా వైపు తిరిగింది. "నేనే తీసేసిన. సూసినవా? ఇగ పండుకునేటప్పుడు ముడెయ్యకు, కొంగు చినుగుతది." నేను చెప్పకపోయినా ఆమెకు అన్నీ తెలుసు.

తర్వాత బొమ్మ వైపు చూసింది. చూస్తూనే ఉంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, వెల్డింగు షెడ్డులో మెరుపులు మెరుస్తున్నాయి.

"నేను గిట్లనే కూసుంటనా?"

"అవ్" అన్నాడు నాయిన, బ్రష్షు కడుగుతూ.

"ఎవలకోసమో సూస్తున్నట్టున్నది."

"సూస్తలేవా?"

"లేదు."

నాయిన చేతిలో బ్రష్షు ఆగింది. ఇన్నేళ్లూ ఆయన పెరటి తలుపు వెనక నుంచి ఆమెను చూసి, ఆమె తనకోసమే ఎదురుచూస్తోందని అనుకున్నాడేమో. ఆ ముఖం అప్పుడు నాకు అర్థం కాలేదు.

"చెరిపెయ్యన్నా. మాకు బొమ్మ లేకున్నా నడుస్తది" అన్నాడు కాశీనాథ్.

"చెరపకున్రి" అన్నది అమ్మ. "గీ చెయ్యి ఒక్కటి తీసెయ్యున్రి. కమల చెయ్యి ఏడ పెట్టుకొని కూసుంటుండె అన్నా?"

కాశీనాథ్ ఆలోచించాడు. తలుపు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, తన చేతులనే ఒకటి మోకాలి మీద, ఒకటి చెంప మీద పెట్టి చూసుకున్నాడు. "యాదికొస్తలేదు వదినె" అన్నాడు. అలా అంటూ లారీ చక్రం పక్కన కింద కూలబడిపోయాడు. గుండు మీద కొత్తగా మొలిచిన వెంట్రుకలు తెల్లగా కనబడ్డాయి.

అమ్మే, "పక్కకు పెట్టున్రి. గడప మీద. ఉత్తగ" అన్నది. నాయిన అల్లం ఆకు రంగు మళ్లీ కలిపి, కాలి మీది చెయ్యి చెరిపేసి, రాతి గడప మీద ఆనించినట్టు కొత్త చెయ్యి గీశాడు. దానితో ఆ మనిషి మా అమ్మ కాకుండా పోయింది. కమల అయ్యిందో లేదో కాశీనాథ్ కూడా చెప్పలేకపోయాడు.

నా భయం ఆ పూటతో పోయింది. మర్నాడు సద్దుల బతుకమ్మకు ఐదు రకాల సద్దులు తిని, చెరువు దాకా ఉరికి, మళ్లీ ఓనగుంటల్లో పడ్డాను. అమ్మ దగ్గు తగ్గింది. నాయనమ్మ తన మంచం తాను తీసుకుని, తప్పులు పట్టడం మళ్లీ మొదలుపెట్టింది. అంతా ముందులాగే అయిందని అనుకున్నాను. కానీ అమ్మ మళ్లీ ఆ తీరున కూర్చోలేదు. మొదట్లో గడప మీదికి వచ్చేది, చెయ్యి అలవాటుగా కాలి వైపు పోయేది, వెంటనే వెనక్కి తిరిగి తలుపు వైపు చూసేది, ఎవరైనా ఉన్నారేమోనని. చెయ్యి వెనక్కి తీసుకునేది. తర్వాత తర్వాత గడప మీదికి రావడమే మానేసి, ఆ వేళకు ఏదో ఒక పప్పు చెరగడమో, చినిగిన బట్ట కుట్టడమో పెట్టుకుంది. బొంబాయి దారి పొడవునా అందరూ చూసిన దాన్ని ఆమె ఇంట్లో మాత్రం ఎలా దాచుకోగలదు? ఆ వేలు ఎవరిదో గల్లీకంతా అరిచి చెప్పిన నోరు నాదే. ఇది నాకు పెళ్లయ్యాక, పాప పుట్టాక, ఎవరూ చూడని ఐదు నిమిషాల కోసం స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని నిలబడ్డ రోజున తెలిసింది.

ఆ షెడ్లు ఇప్పుడు లేవు. వాటి జాగాలో బండ్ల షోరూములు వచ్చాయి. లారీలు కంపెనీ నుంచే రంగు వేసుకుని వస్తున్నాయి, బొమ్మ కావాలంటే స్టిక్కరు అంటిస్తున్నారు, ఆ స్టిక్కరు పులులకు కళ్లు ముందే తెరుచుకుని ఉంటున్నాయి. చెరుకు ట్రాక్టర్ల మీద పోతోంది, గడ లాగే పిల్లలు లేరు. నాయనమ్మ లేదు. కాశీనాథ్ లారీ కొన్నేళ్లు ఈ దారిన తిరిగింది, ఒక ఏడు రాలేదు, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. నాయినకు చెయ్యి వణుకుతుంది, ఇప్పుడు ఏమీ గీయడు.

అమ్మ ఈ మధ్యాహ్నం పాపను చూడడానికి వచ్చింది, రెండు రోజులకోసారి వస్తుంది. కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తూ, నా ముఖం చూసి, "నిద్ర పోతలేవా?" అన్నది. నేను ఇరవై ఏళ్లుగా అడగని మాట అడిగాను.

"అమ్మా, అప్పుడు పెరట్ల కూసుని ఏం ఆలోచిస్తుంటివి?"

ఆమె నూనె గిన్నె కింద పెట్టి కొంచెం సేపు గుర్తు చేసుకుంది.

"ఏం ఆలోచించకపోతుంటి. గందుకే కూసుంటుంటి" అన్నది. తర్వాత పాప వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు గూడ పో. జరసేపు కూసో. పిల్ల నా తాన ఉన్నది" అన్నది.

పోయాను. ఈ కొత్త ఇళ్లకు వెనక గడప లేదు, నీళ్లు పోవడానికి వాలుగా పరిచిన టైల్సు, వాషింగ్ మిషను, ఆరని గ్రిల్లు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఏమీ ఆలోచించకుండా ఉండాలని చూశాను. నూనె పాప కళ్లలో పడుతుందేమో. అమ్మ చేతులు జారుతాయేమో. లోపల ఎందుకు ఇంత నిశ్శబ్దంగా ఉంది? ఏమీ ఆలోచించకుండా ఒక ఆడమనిషి కూర్చోగలగడం మా ఇంట్లో ఒకప్పుడు ఉండేది, నేను దాన్ని నేర్చుకోకముందే పోగొట్టాను. చప్పుడు కాకుండా స్టూలు ఎత్తి, పాప ఊపిరి వినబడేంత దగ్గరికి, తలుపు పక్కకు జరుపుకున్నాను.